కరిగిపోయే వస్తువు చేసే మేలు

బజారులో ఒక వస్తువును చేతికి తీసుకోగానే మనం మొదట అడిగే ప్రశ్న, "ఇది ఎన్నాళ్ళు మన్నుతుంది?" అని. చీర రంగు వెలియకూడదు. బిందె సొట్టపడకూడదు. గొడుగు కనీసం రెండు వానాకాలాలైనా ఆగాలి. మన్నికను మించిన మంచిగుణం వస్తువుకు లేదని పెద్దలు మనకు నేర్పారు. ఆ పాఠం చాలావరకు సత్యమే. అయితే, చాలాకాలంగా రసాయనశాస్త్రం బోధిస్తున్న నాకు, మన్నకపోవడమే మహాగుణమైన కొన్ని పదార్థాలను గురించి ఈ వార్షిక సంచికలో విద్యార్థులకు చెప్పాలనిపించింది. వాటిని శరీరంలో ఉంచితే, తమకు అప్పగించిన మందును కొద్దికొద్దిగా అందించి, పని ముగిసేసరికి తామే అంతరించిపోతాయి. వాటిని తిరిగి తీసివేయడానికి వైద్యుడు మరల కత్తి పట్టనవసరం లేదు. జీవశరీరంలో విచ్ఛిన్నమయ్యే ఇట్టి పాలిమర్లు క్యాన్సర్ చికిత్సలో ఏ స్థానాన్ని సంపాదించుకున్నాయో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయంపై నాకు ఆసక్తి కలగడానికి కారణం పుస్తకాలు మాత్రమే కావు. కొన్ని సంవత్సరాల క్రితం మా అక్కయ్యకు రొమ్ములో క్యాన్సర్ కణితి ఏర్పడింది. శస్త్రచికిత్స చేసి దానిని తొలగించారు. ఆ తరువాత నెలల తరబడి, మూడు వారాలకొకసారి, సెలైను సీసాతోపాటు మందు ఎక్కించేవారు. జుట్టంతా రాలిపోయింది. నోరు పూసి, చల్లని మజ్జిగ కూడా మంటగా తోచేది. అక్కయ్య పెద్దగా చదువుకోలేదు గాని ఆమె ప్రశ్నలు సూటిగా ఉండేవి. ఒకనాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "ఒరే తమ్ముడూ, గడ్డ ఒక్క దిక్కునే ఉండె గదా! దాన్ని కోసి తీసేసిండ్రు గదా! మరి ఈ మందుకు నా నెత్తి మీద, నా నోటి మీద ఏం పగ? ఏ ఇంటికి పోవాల్నో అడ్రసు రాసిచ్చి పంపే ఉపాయం మీ చదువుల లేదా?" అని అడిగింది.

ఆలోచించినకొద్దీ ఆ ప్రశ్న ఎంత లోతైనదో నాకు అర్థమైంది. అందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. మందు ఎక్కడికి పోవాలి అన్నది మొదటిది. అక్కడ ఎంతకాలం ఉండాలి అన్నది రెండవది.

నరంలోకి ఎక్కించిన మందు రక్తంతోపాటు శరీరమంతా తిరుగుతుంది. క్యాన్సర్ కణాలు త్వరత్వరగా విభజన చెందుతాయి కనుక, విభజన చెందే కణాలను దెబ్బతీసే మందులను వాటిపై ప్రయోగిస్తారు. కాని జుట్టు కుదుళ్ళలోని కణాలు, నోటి లోపలి పొర, ఎముకలలోని మజ్జ కూడా త్వరగా విభజన చెందేవే. మందు వీటికీ వాటికీ భేదం చూడలేదు. ఇది స్థలానికి సంబంధించిన కష్టం. ఇక కాలం మాట. సూది గుచ్చిన వెంటనే రక్తంలో మందు అత్యధికంగా ఉంటుంది. ఆ పిదప కాలేయమూ మూత్రపిండాలూ దానిని తొలగించడంవల్ల క్రమంగా తరిగిపోతుంది. మెదడులోని కణితులకు వాడే కార్మస్టీన్ అనే మందైతే రక్తంలో ఒక గంటైనా నిలకడగా నిలువదు. అంటే మొదట అవసరానికి మించి, తరువాత అవసరానికి చాలక, రోగి రెండు విధాలా నష్టపోతాడు.

అయితే అక్కయ్య కోరినట్లు ప్రతి మందునూ ఒకే ఇంటికి పంపడం సరియైనదేనా? ఈ సందర్భంలో మన తెలుగువాడొకరిని స్మరించక తప్పదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరి, హార్వర్డులోనూ ఆ తరువాత లెడర్లీ సంస్థలోనూ పరిశోధనలు చేశారు. ఆయన నాయకత్వంలో తయారైన అమినాప్టెరిన్‌ను బోస్టన్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ సోకిన చిన్నారులకు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమే. నోటిపూత మొదలైన బాధలూ వెంట వచ్చాయి. అయినా రసాయనంతో రక్తక్యాన్సర్‌ను వెనుకకు నెట్టవచ్చునన్న సంగతి లోకానికి తెలిసింది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూశారు.

రక్తక్యాన్సర్‌కు ఒక ఇల్లంటూ లేదు. అది రక్తం పారే ప్రతిచోటా ఉంటుంది. కనుక మందు కూడా ప్రతిచోటికీ పోవలసిందే. అక్కయ్య విషయంలోనూ కారణం ఇటువంటిదే. కంటికి కనబడే కణితిని తొలగించారు గాని, కంటికి కనబడని కణాలు కొన్ని అంతకుముందే రక్తంలో కలిసి దూరప్రాంతాలకు చేరి ఉండవచ్చు. వాటిని వెదకడానికే ఆ మందు శరీరమంతా తిరిగింది. ఆమె జుట్టుపై దానికి పగ లేదు. శత్రువు ఏ ఇంట దాగినాడో తెలియనప్పుడు ఊరంతా గాలించక తప్పదు గదా!

దీనికి పూర్తిగా భిన్నమైనది గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్. అది మెదడును దాటి ఇతర అవయవాలకు ప్రాకడం అరుదు. శస్త్రవైద్యుడు ఎంత నేర్పుతో తొలగించినా, సాధారణంగా పాత స్థలానికి సుమారు 2 సెంటీమీటర్ల లోపలనే అది మరల తలెత్తుతుంది. పైగా మెదడు రక్తనాళాల గోడలు ఎంతో బిగువైనవి. అనేక మందులను అవి లోపలికి రానీయవు. ఈ శత్రువు ఇల్లు మనకు తెలుసు. తలుపు మాత్రం మూసి ఉంది. కణితిని తొలగించినప్పుడు ఎలాగూ ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆ సమయంలో మందును లోపల ఉంచి, కొన్ని వారాలపాటు నెమ్మదిగా విడుదలయ్యేటట్లు చేయగలిగితే, స్థలానికీ కాలానికీ సంబంధించిన రెండు ప్రశ్నలకూ ఒకేసారి సమాధానం దొరికినట్లే.

ఈ సమాధానానికి దారితీసిన కృషి కూడా, చిత్రంగా, ఫార్బర్ పనిచేసిన ఆ బోస్టన్ పిల్లల ఆసుపత్రిలోనే మొదలైంది. జూడా ఫోక్‌మన్ అనే శస్త్రవైద్యుడు, కొత్త రక్తనాళాలు లేనిదే కణితి పెరగలేదని 1971లో ప్రతిపాదించాడు. ఆ నాళాలను అడ్డుకొనే పదార్థాలను పరీక్షించాలంటే, అతి స్వల్పమైన ప్రొటీనును రోజులతరబడి ఒకేచోట విడుదల చేసే సాధనం కావాలి. 1974లో రాబర్ట్ లాంగర్ అనే యువకుడు ఆయన ప్రయోగశాలలో చేరాడు. లాంగర్ వైద్యుడు కాదు, రసాయన ఇంజనీరు. పని చేయని పద్ధతులు రెండువందలకు పైగా కనుగొన్నానని ఆయన తరువాతి కాలంలో నవ్వుతూ చెప్పుకొనేవాడు. చివరకు 1976లో, పెద్ద పెద్ద అణువులను సైతం పాలిమర్ గుండా నెమ్మదిగా విడుదల చేయవచ్చునని ఫోక్‌మన్‌తో కలిసి నిరూపించాడు. పెద్ద అణువులు పాలిమర్ గుండా రావడం అసాధ్యమని అప్పటి నిపుణులు భావించేవారు. ఆయన తొలి ధనసహాయపు దరఖాస్తులు వరుసగా తిరస్కృతమయ్యాయి.

కాని ఆనాటి పాలిమర్ శరీరంలో కరిగేది కాదు. మందు అయిపోయిన తరువాత కూడా అది అక్కడే మిగిలిపోయేది. మెదడులో అట్టి దానిని వదలివేయడం మంచిది కాదు. నిర్ణీతకాలంలో కరిగిపోయే పదార్థం ఏది?

విద్యార్థులు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా గమనించాలి. 1930 దశకం తొలినాళ్ళలో డ్యూపాంట్ సంస్థలో, తరువాత నైలాన్‌ను సృష్టించిన వాలెస్ కరోదర్స్ బృందం, బట్టల నూలుకు పనికివచ్చే పదార్థాలకోసం అన్వేషిస్తూ పాలీఅన్‌హైడ్రైడ్లను పరీక్షించింది. వాటినుండి నూలు తీయవచ్చు గాని, నీరు తగిలితే వాటి బంధాలు తెగిపోతాయి. తడిస్తే చెడిపోయే బట్ట ఎవరికి కావాలి? మన్నిక లేదన్న కారణంతో వాటిని పక్కన పెట్టారు. అర్ధశతాబ్దం గడచిన తరువాత, 1980 దశకంలో లాంగర్ బృందం వాటినే చేపట్టింది. నీటితో బంధం తెగిపోవడం బట్టకు శాపం. మందును మోసే వాహనానికి అదే వరం. ఈ సారీ ఆక్షేపణలకు కొదువ లేదు. ఇట్టి పాలిమర్ మందుతో కలిసి చెడిపోతుందన్నారు, పెళుసుగా ఉంటుందన్నారు, విషమవుతుందన్నారు. ఒక్కొక్క ఆక్షేపణకూ ప్రయోగంతోనే జవాబు చెప్పవలసి వచ్చింది.

కరగడంలో కూడా రెండు పద్ధతులున్నాయి. పటికబెల్లం ముక్కను నోటిలో వేసుకుంటే అది పైపొర నుండి లోపలికి, ఒక్కొక్క పొరగా కరుగుతుంది. చెదలు పట్టిన దూలం అట్లా కాదు. పైకి నిబ్బరంగానే కనిపిస్తూ లోపలంతా గుల్లయి, ఒకనాడు ఉన్నట్టుండి కూలుతుంది. మందును మోసే పదార్థం దూలంవలె కూలితే, వారాలపాటు అందవలసిన మందంతా ఒక్కసారి బయటపడే ప్రమాదం ఉంది. పాలీఅన్‌హైడ్రైడ్లు నీటిని లోపలికి త్వరగా రానీయవు. నీరు తగిలిన ఉపరితలం మాత్రం త్వరగా తెగిపోతుంది. కనుక అవి చాలావరకు పటికబెల్లంవలె కరుగుతాయి. కార్మస్టీన్ నీటిలో త్వరగా చెడిపోయే మందు. లోపలి పొరలలో నీరు చేరదు కనుక, తన వంతు వచ్చేవరకు అది క్షేమంగా ఉంటుంది.

బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యసంస్థకు చెందిన మెదడు శస్త్రవైద్యుడు హెన్రీ బ్రెమ్ ఈ కృషిలో లాంగర్‌తో చేయి కలిపాడు. అట్లా రూపొందిన బిళ్ళ పేరు గ్లియాడెల్. దాని వ్యాసం 14.5 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు. అందులో 192.3 మిల్లీగ్రాముల పాలిమర్, 7.7 మిల్లీగ్రాముల కార్మస్టీన్ ఉంటాయి. కణితిని తొలగించగా ఏర్పడిన గుంట గోడలకు గరిష్ఠంగా ఎనిమిది బిళ్ళలను ఆనించి, పుర్రెను మూసివేస్తారు. మూడు వారాలలో పాలిమర్‌లో అధికభాగం విచ్ఛిన్నమవుతుంది.

ఆ పాలిమర్ రెండు అంశాలతో కూర్చిన గొలుసు. అణువుల లెక్కలో నూటికి 20 పాళ్ళు నెమ్మదిగా విడిపోయే ఒక బెంజీన్ సంబంధమైన ఆమ్లం, 80 పాళ్ళు త్వరగా విడిపోయే సెబాసిక్ ఆమ్లం. మొదటిది పెంచితే పాలిమర్ నెలల కొలది, సంవత్సరాల కొలది నిలుస్తుంది. రెండవది పెంచితే వారాలలో కరుగుతుంది. కూరలో పులుపు, కారం పాళ్ళు చూసినట్లు రసాయనవేత్త ఇక్కడ కాలాన్ని పాళ్ళు చూసి కలుపుతాడు! ఇక సెబాసిక్ ఆమ్లం ఎక్కడినుండి వస్తుందో తెలుసుకుంటే మన విద్యార్థులు ఆశ్చర్యపడతారు. పరిశ్రమలలో దానిని ప్రధానంగా ఆముదంనుండి తయారుచేస్తారు. ఆముదాన్ని గాఢమైన క్షారంతో అధిక ఉష్ణోగ్రతలో వేడిచేస్తే దానిలోని కొవ్వు ఆమ్లం రెండుగా చీలి, సెబాసిక్ ఆమ్లం లభిస్తుంది. పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో మన రైతులు తరతరాలుగా పండించిన పంట అది. ఫలానా బిళ్ళలోకి ఫలానా చేనినుండి పోయిందని నేననడం లేదు. మన అమ్మమ్మలు తలకు రాసిన నూనెలోనే ఆ గొలుసుకు ముడిసరకు ఉన్నదని మాత్రం చెప్పుతున్నాను. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత చెప్పి మనం దానిని చిన్నచూపు చూశాం!

ఇంతకూ ఫలితం ఏమిటి? వ్యాధి తిరగబెట్టిన 222 మంది రోగులపై, 27 వైద్యకేంద్రాలలో జరిగిన పరీక్షాఫలితాలను 1995లో ప్రకటించారు. కొందరికి మందున్న బిళ్ళలు, కొందరికి మందు లేని ఉత్త పాలిమర్ బిళ్ళలు పెట్టారు. ఎవరికి ఏది పెట్టారో తెలియకుండా జాగ్రత్తపడినందువల్లనే ఈ పరీక్షకు విలువ వచ్చింది. సగంమంది జీవించి ఉన్న కాలాన్ని లెక్కకట్టగా, ఉత్త బిళ్ళలవారికి 23 వారాలు, మందు బిళ్ళలవారికి 31 వారాలు వచ్చింది. అమెరికా ప్రభుత్వం 1996లో ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది. కొత్తగా వ్యాధి బయటపడిన 240 మందిపై చేసిన మరొక పరీక్ష ఫలితాలు 2003లో వెలువడ్డాయి. అందులో 11.6 నెలలు 13.9 నెలలుగా పెరిగాయి.

ఒక్కమాటలో చెప్పాలంటే లాభం రెండు నెలలు. ఇన్నేళ్ళ తపస్సుకు ఇంతేనా అని విద్యార్థులకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అక్కయ్య చికిత్స ముగిసి, జుట్టు తిరిగి మొలుస్తున్న రోజులలో ఈ కథంతా ఆమెకు చెప్పి, చివరకు ఆ లెక్క కూడా చెప్పాను. ఆమె కొంచెంసేపు ఊరుకొని, "రెండు నెలలంటే తక్కువనా? చిన్నోని పరీక్షలు ఒడిసేదాంక నన్ను నిలబెడితే చాలని మొక్కుకున్న దినాలున్నయి నాకు" అన్నది. రోగికీ లెక్కలు కట్టేవానికీ నెల పొడవు ఒకటి కాదని ఆనాడు గ్రహించాను. అయినా రెండు నెలలను రెండు నెలలనే చెప్పాలి, పూర్తి నివారణ అని చెప్పకూడదు. ఆశను కొలతకు మించి అమ్మడం రోగిని మోసగించడమే.

కనుక లోపాలను కూడా దాచకుండా చెప్పుతాను. బిళ్ళనుండి వెలువడిన మందు మెదడులో కొన్ని మిల్లీమీటర్ల దూరం మాత్రమే తగినంత బలంతో ప్రాకుతుంది. వ్యాధికణాలు అంతకన్న దూరం పోయి ఉంటే వాటిని అందుకోలేదు. మెదడు వాయడం, గాయం సరిగా మానకపోవడం వంటి చిక్కులూ రావచ్చు. 2005 తరువాత రేడియేషన్‌తోపాటు టెమోజోలమైడ్ అనే నోటిమాత ఈ వ్యాధికి ప్రధాన చికిత్సగా స్థిరపడింది. బిళ్ళలను తగిన రోగులను ఎంచి మాత్రమే పెడతారు. వాటి ధర సామాన్య కుటుంబానికి అందేది కాదన్నది మరొక చేదు సత్యం.

అయితే గింజ మొలకెత్తిన చోట ఒక్క కొమ్మే ఉండదు. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లం, దానికి దగ్గరి బంధువైన గ్లైకాలిక్ ఆమ్లం కలిపి అల్లిన పాలిమర్లు మరొక కొమ్మ. తిరిగి విప్పనవసరం లేని శస్త్రచికిత్సల కుట్టుదారాలుగా ఈ జాతి పదార్థాలు 1970 దశకంనుండి పేరు పొందాయి. శరీరంలో అవి చివరకు బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారి వెళ్ళిపోతాయి. అట్టి పాలిమర్‌తో చేసిన సూక్ష్మమైన గుళికలలో లూప్రోలైడ్ అనే మందును ఇమిడ్చి, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు నెలకొక ఇంజక్షనుగా ఇచ్చే పద్ధతికి 1989లో అమెరికాలో అనుమతి లభించింది. ఆ మందును కణితి దగ్గరనే ఉంచనవసరం లేదు. కనుక అక్కడ ప్రయోజనం స్థలానిది కాదు, కాలానిది. ప్రతిదినం సూది పొడిపించుకోవలసిన వృద్ధుడు నెలకొక్కసారి పొడిపించుకుంటే చాలు. వ్యాధి స్వభావాన్నిబట్టి వాహనాన్ని ఎన్నుకోవాలన్న సూత్రం ఇక్కడా కనబడుతుంది.

ఈ సంగతులను ఒకనాడు స్టాఫ్ రూములో చెప్పుతుంటే మా ఉర్దూ శాఖ మిత్రులొకరు శ్రద్ధగా విని, "మాస్టారూ, మీ పాలిమర్ మంచి మెహమాన్ లాంటిది. తెచ్చిన కానుక ఇంటివారి చేతికిచ్చి, పొమ్మనిపించుకోకముందే సెలవు తీసుకుంటుంది" అన్నారు. ఇంతకన్న చక్కని నిర్వచనం నాకు ఏ పాఠ్యగ్రంథంలోనూ కనబడలేదు.

ఆ మాట విన్నప్పటినుండి నాకొక కోరిక కలిగింది. మన కళాశాలలో రెండు భాషలు ఒకే కప్పు కింద వర్ధిల్లుతున్నాయి. ప్రతి సంవత్సరం ఒక సాయంకాలం అనుభవజ్ఞుడైన క్యాన్సర్ వైద్యునొకరిని ఆహ్వానించి, విద్యార్థుల తల్లులకూ అక్కచెల్లెళ్ళకూ అర్థమయ్యే ఉర్దూలోనూ తెలుగులోనూ ఈ విషయాలు చెప్పించే ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీవారిని సవినయంగా కోరుతున్నాను. మందు ఏ ఇంటికి పోతున్నదో, ఎందుకు పోతున్నదో తెలుసుకొనే హక్కు దానిని భరించే మనిషికి ఉంది. ఆ సంగతి తెలిసిన తరువాత మా అక్కయ్య మిగిలిన మోతాదులను కొంత నిబ్బరంతో స్వీకరించింది.

ఇక సైన్సు విద్యార్థులకు ఒక మాట. ప్రయోగశాలలో మీరు తయారుచేసిన పదార్థం నీరు తగలగానే చెడిపోతే, రికార్డులో "విఫలం" అని ఒక్క ముక్క వ్రాసి పుట తిప్పకండి. ఏ ఉష్ణోగ్రతలో చెడింది, ఎంతసేపటికి చెడింది, పైపొరనుండి చెడిందా లేక లోపలనుండి గుల్లయిందా అన్నది కూడా వ్రాయండి. నూలుకు పనికిరాదని కరోదర్స్ బృందం పక్కన పెట్టిన పదార్థం గుణగణాలను శ్రద్ధగా వ్రాసి ప్రకటించబట్టే, యాభై సంవత్సరాల తరువాత మరొకరు దానిని చదివి, ఆ లోపంలోనే తమకు కావలసిన గుణాన్ని చూడగలిగారు.